తీగకు కాయ బరువా?

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"తీగకు కాయ బరువా?" అని మనలో ఒక సామెత వుంది. తల్లికి బిడ్డ ఎన్నడూ బరువు కాదని దాని భావం. మాట మంచిదే. కానీ హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన తల్లి మాత్రం ఈ సామెతను కొన్ని వారాలు పక్కన పెట్టాలి. ఎందుకో చెబుతాను, వినండి.

హెర్నియాను మనవాళ్ళు పేగు జారడం అంటారు. కడుపు గోడ బలహీనపడిన చోట లోపలి కొవ్వో, పేగో బయటికి తోసుకొచ్చి ఉబ్బుగా కనిపిస్తుంది. ఇది మగవాళ్ళ జబ్బని చాలామంది అనుకుంటారు. గజ్జల్లో వచ్చేది వాళ్ళకే ఎక్కువ, నిజమే. కానీ కాన్పులతో పొట్ట సాగి బొడ్డు దగ్గర రావచ్చు, సిజేరియన్ కోసిన చోటా రావచ్చు. గజ్జ కిందుగా, తొడ మొదట్లో వచ్చే రకమైతే ఆడవాళ్ళలోనే ఎక్కువ. అందులో పేగు చిక్కుకుపోయే ప్రమాదమూ ఎక్కువే. పెద్దవాళ్ళకు వచ్చిన హెర్నియా మందులతో మానదు. నడుముకు గుడ్డ బిగించి కట్టినా మానదు.

అయినా మనం ఏం చేస్తాం? "చంటిది కాస్త నడక నేర్వనీ, పెద్దాడు బడికి పోనీ" అని వాయిదా వేస్తాం. చిన్నగా వుండి, నొప్పి పెట్టని దాన్ని డాక్టరు చూసి ఆగమంటే ఆగవచ్చు. మనంతట మనమే ఆగడం మాత్రం తగదు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, విపరీతంగా నొప్పి పెట్టినా, వాంతులు పట్టుకున్నా, విరేచనమూ గాలీ కదలకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి. చిక్కుకున్న పేగుకు రక్తం అందకపోతే ప్రాణం మీదికే వస్తుంది.

ఇక ఆపరేషన్ తర్వాతి సంగతి. పూర్వం హెర్నియా కోసినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. ఇప్పుడు చాలామందిని అదే రోజో, మర్నాడో లేపి నడిపిస్తున్నారు. కదలకుండా పడుకుంటే కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, మలబద్ధకం పట్టుకుంటుంది. విశ్రాంతికి కొలత వుండాలన్న సంగతి మన మదనపల్లెకు కొత్త కాదు. 1915లో తెరిచిన ఆరోగ్యవరం శానటోరియం పేరు వినని వారు ఇక్కడ వుండరు. క్షయకు సరైన మందులు లేని ఆ కాలంలో శానటోరియం వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి. అయితే ఆ విశ్రాంతి శాశ్వతం కాదు. కోలుకునే కొద్దీ రోగిచేత కొంచెం కొంచెంగా నడిపించి, తేలిక పనులు చేయించేవారు. మనకూ అదే సూత్రం. నడవండి, కానీ బరువు ఎత్తకండి.

చిక్కంతా ఇక్కడే వుంది. "బరువులెత్తకమ్మా" అని డాక్టరు చెబుతాడు. మనకేమో బరువంటే బియ్యం మూట. ఒక్కసారి కిలోల్లో లెక్క వేయండి. పదిహేను లీటర్లు పట్టే బిందెలో నీళ్ళే పదిహేను కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు ముప్ఫై కిలోలు. రెండేళ్ళ బిడ్డ పన్నెండు కిలోల దాకా తూగుతుంది. పైగా బిందె కదలదు, బిడ్డ చంకలో గింజుకుంటుంది. అందుకని ఇంటికొచ్చే ముందే "నేను ఎన్ని కిలోలు ఎత్తవచ్చు? ఎన్ని వారాల తర్వాత?" అని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాలు చెబుతారు. కోసి చేశారా, చిన్న రంధ్రాలతో చేశారా, హెర్నియా ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది.

బిడ్డను ఎత్తకూడదంటే దూరం పెట్టమని కాదు. మీరు మంచం మీదో, కుర్చీలోనో కూర్చుని పక్కన చిన్న పీట వేయండి. నడిచే బిడ్డ తానే ఎక్కి వస్తుంది. "అమ్మ పొట్టకు కుట్లు వేశారు, మెల్లగా రా" అని చెబితే మూడేళ్ళ పిల్లలకు అర్థమవుతుంది. పాలు తాగే బిడ్డయితే ఇంకొకరు అందించాలి. మీరు పక్కకు తిరిగి పడుకుని పాలివ్వండి. పాలిస్తున్న సంగతి డాక్టరుకు చెప్పి నొప్పి మాత్రలు రాయించుకోండి. రాత్రి బిడ్డ కాలు తగలకుండా మధ్యన దిండు పెట్టుకోండి. దగ్గు వచ్చినప్పుడు అదే దిండు పొట్టకు అదుముకోండి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద బలం మోపి లేవండి.

తిండి విషయంలో ఇంకో పేచీ. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్ళు తాగితే కుట్లు మానవని పెద్దవాళ్ళు పథ్యం పెడతారు. అది నిజం కాదు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు కావాలి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి విరేచనం సాఫీగా కావడానికి నీళ్ళు, ఆకుకూరలు, పండ్లు కావాలి. మన రాగిసంగటి, ఆకుకూర పప్పు ఎంతో మంచివి. సంగటి తినండి, కానీ కట్టె పట్టి గెలికే పని మాత్రం ఇంకొకరికి వదలండి.

ఆ ఇంకొకరు ఎవరన్నదే అసలు ప్రశ్న. కుప్పంలో ఎందరో మగవాళ్ళు పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పనికి పోతారు. ఇంట్లో ఇల్లాలూ పిల్లలే. పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చి ఆపరేషన్ చేయించుకున్న ఇల్లాలు బస్సు దిగేసరికి పొయ్యి ఎదురుచూస్తుంటుంది. కాబట్టి తేదీ ఖాయం కాకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. నీళ్ళు ఎవరు పట్టాలి, బిడ్డకు స్నానం ఎవరు చేయించాలి, తడిబట్టలు ఎవరు పిండాలి, అన్నీ రాసి గోడకు అంటించండి. మీ ఆయన పనికి పోయే ముందు నీళ్ళు నింపి, సిలిండరు మార్చి వెళ్ళవచ్చు. పక్కింటావిడను రోజుకొక గంట సాయం అడగడం నామోషీ కాదు. రేపు ఆవిడకూ మీ అవసరం పడుతుంది.

అత్తగార్లకూ ఒక మాట. వారం తిరిగేసరికి కోడలు నవ్వుతూ తిరుగుతుంది. పైన కోత మానినట్టే వుంటుంది. లోపల కడుపు గోడ గట్టిపడటానికి మాత్రం వారాలు పడుతుంది. "ఊరికే కూర్చుంది" అనకండి. జ్వరం వచ్చినా, కోత దగ్గర ఎర్రబడి వాచినా, చీము కారినా, పిక్కలో నొప్పీ వాపూ కనిపించినా మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మదనపల్లె చుట్టుపక్కల టమోటా పండించే రైతు కాయ దిగకముందే చెట్టుకు కట్టె నాటి, దారంతో కడతాడు. కాయ బరువుకు చెట్టు వాలిపోతుందని అతనికి తెలుసు. అంతమాత్రాన చెట్టును తప్పుపట్టడు. ఇల్లాలికీ కొన్నాళ్ళు అలాంటి ఊతం కావాలి. అడగడానికి మీరు సిగ్గుపడకండి. ఇవ్వడానికి ఇంట్లోవాళ్ళు వెనుకాడకూడదు.