పసివారి నోటిపూత - ఎఱ్ఱని వెలుగు

క్యాన్సరు చికిత్సలోనున్న బిడ్డ అన్నము ముట్టకున్నచో తల్లి మొదట మారామనియే తలచును. నోరు తెఱచి చూచిననే కారణము తెలియును. పెదవుల లోవైపున, బుగ్గలయందు, నాలుక అంచులను పైపొర లేచి పుండ్లు పడియుండును. చల్లార్చిన గంజి సైతము మండును. తన ఉమ్మిని తానే మ్రింగజాలక బిడ్డ ఏడ్చును.

త్వరత్వరగా పెరుగు కణములను చంపుటయే ఈ మందుల పని. అది క్యాన్సరు కణమా, నోటిపొర కణమా అని అవి విచారింపవు. నోటిలోని పొర ఒకటి రెండు వారములకే క్రొత్తదగుచుండును గనుక, మందెక్కించిన అయిదు మొదలు పది దినములలో పూత తలయెత్తును. సరిగా అప్పుడే రక్తములోని తెల్లకణములును తగ్గియుండును. నోటిలోని సూక్ష్మజీవులకు పుండే వాకిలి యగును. జ్వరము వచ్చును, తరువాతి మోతాదు వెనుకబడును. కావున దీనిని చిన్న బాధగా ఎంచుటకు మేము ఒప్పుకొనము.

ఈ బాధ ఔషధముతో కూడ పుట్టినదే. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో తయారైన ఎమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకిచ్చి, 1948లో ఫలితములు ప్రకటించెను. నోటిపుండ్ల ముచ్చట ఆ ప్రకటనలోనే కలదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది, పూతయు నున్నది.

ఇక లేసరు. దీనిని 1960లో మైమన్ నిర్మించెను. కొలది యేండ్లకు బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్, ఈ కాంతి క్యాన్సరు కలిగించునేమో యని ఎలుకల వీపు గొరిగి పరీక్షింపగా, క్యాన్సరు రాలేదు సరిగదా వెండ్రుకలు వేగముగా మొలచెను! నేడు నోటికి వాడునది అట్టి తక్కువ శక్తిగల ఎఱ్ఱని వెలుగే. అది కోయదు, కాల్చదు. కణములలో శక్తిని పుట్టించు మైటోకాండ్రియా ఆ వెలుగును గ్రహించి మరమ్మతునకు పూనుకొనునని శాస్త్రజ్ఞుల భావన. ఒక్కొక్క చోట కొన్ని క్షణములు చొప్పున, పుండు పడకమునుపే మొదలిడి దినదినము చూపుదురు. బిడ్డకును వైద్యునకును కండ్లద్దములు తప్పనిసరి. కణితిపై నేరుగా ప్రసరింపనీయరు. అన్నిటికంటె కష్టము, మూడేండ్ల పిల్లవాడు అంతసేపు నోరు తెఱచియుండుట! అందుకు కథలు చెప్పగల నర్సు కావలెను.

మూలకణముల మార్పిడి పొందు పిల్లలకును, తల మెడలపై రేడియేషను పొందువారికిని దీనిని వాడుమని 2021లో అంతర్జాతీయ నిపుణులు సిఫారసు చేసిరి. తక్కిన చికిత్సలయందు సాక్ష్యమింకను అంత గట్టిది కాదు.

లేసరు లేనిచోట మెత్తని బ్రష్షు, ఉప్పునీటి పుక్కిలింత, వైద్యుడు వ్రాసిన నొప్పిమందు మానరాదు. బిడ్డ నీరైనను మ్రింగలేకున్నను, ఒడలు వెచ్చబడినను తెల్లవాఱువఱకు ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.