పాత వాడుకలు విడుచుట యెట్లు?

(శతవార్షికోత్సవముల సందర్భమున సంఘ పెద్దల కూటములో ఇచ్చిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో దేవుడు చేసిన మేలులను చెప్పుకొనుట న్యాయమే. మన తాతముత్తాతలు ఎండలో నడిచి, వానలో తడిసి, ఇరుగుపొరుగువారి మాటలు పడి ఈ సంఘములను నిలిపిరి. వారిని మరచినవాడు కృతఘ్నుడు. అయితే ఈ ఉదయము నాకిచ్చిన అంశము వేరు. సంఘము పాత వాడుకలను విడిచి మార్పును ఎట్లు స్వీకరించవలెనన్నది నేను చెప్పవలసిన సంగతి. ఇతరులకు బోధించుటకు ముందు నేను చేసిన పొరపాటు నొకదానిని మీ యెదుట ఒప్పుకొందును. ఈ విషయములో నేను నేర్చుకొన్నదంతయు దానినుండి నేర్చుకొన్నదే.

పద్దెనిమిదేండ్ల క్రిందట, నాకు అభిషేకము జరిగిన కొత్తలో, నన్నొక పల్లె సంఘమునకు పంపిరి. వేదాంత కళాశాలనుండి తెచ్చుకొన్న వేడి యింకను చల్లారలేదు. ఆ ఊరిలో మన విశ్వాసులవి రెండు పేటలు. ఒక పేటవారు ముందు ప్రభువును నమ్ముకొనిరి. రెండవ పేటవారు ఒక తరము తరువాత వచ్చిరి. ఆ రెండు పేటల మధ్యనున్న గోడ పేరు నేను చెప్పనక్కరలేదు. అది మనలో ప్రతివానికి తెలియును. గుడిలో ముందున్న ఆరు బెంచీలు మొదటి పేటవారివి. వెనుక పరచిన చాపలు రెండవ పేటవారివి. ప్రభుభోజనమునకు బెంచీలవారు ముందు, చాపలవారు తరువాత.

అన్నిటికంటె నన్ను నొప్పించినది సమాధానము ఇచ్చిపుచ్చుకొను సమయము. 1950లో సి.ఎస్.ఐ. ప్రభుభోజన ఆరాధన క్రమము సిద్ధమైనప్పుడు ఆది సంఘమునందలి సమాధాన వందనమును చేతితో ఇచ్చు పద్ధతిగా మరల తెచ్చిరి. బల్లయొద్ద గురువు ఇచ్చిన సమాధానము ముందువారినుండి వెనుకవారికి, చేతినుండి చేతికి, గుడి చివరవరకు పోవలెను. మా గుడిలో అది ఆరవ బెంచీ దగ్గర ఆగిపోయెడిది. ఆ బెంచీలోని పెద్దాయన వెనుకకు తిరిగి, చేతులు జోడించి, దూరమునుండియే నమస్కారము పెట్టెడివాడు. చూచువారికి అది మర్యాదగానే కనిపించెడిది. చాపలమీద కూర్చున్నవారికి మాత్రము దాని అర్థము తెలియును.

మూడు నెలలు చూచితిని. నాలుగవ నెలలో ఒక ఆదివారము నోటీసులతోపాటు చదివివేసితిని: వచ్చే వారమునుండి వరుసలు లేవు, ఎవరు ముందు వచ్చిన వారు ముందు కూర్చుండవలెను. కమిటీతో చెప్పలేదు. ఏ ఇంటిలోను కూర్చుండి మాటలాడలేదు. మరుసటి ఆదివారము బెంచీలు ఖాళీ. ఆపై ఆదివారము చాపలును సగము ఖాళీ. తమ మూలముగా గుడి రెండుగా చీలెనను మాట పడవలసివచ్చునని ఆ పేటవారు భయపడిరి. నేను చెప్పినది న్యాయమైన మాటే. కాని దానివలన ఏ ఒక్కరికిని మేలు కలుగలేదు.

ఆ వారములో ఒక సాయంకాలము ఎనుబదేండ్ల అవ్వ ఒకామె కర్ర ఊతగా మా ఇంటికి వచ్చినది. పాతకాలపు ఉపదేశిగారి కూతురు. మొదటి బెంచీ ఆమెదే. అరుగుమీద కూర్చుండి ఇట్లు అడిగినది.

"అయ్యగారూ, ఆ ముందు వరుస ఎందుకొచ్చిందో ఎవరినైనా అడిగారా?"

అడగలేదంటిని.

"దొరగారు మూడు నెలలకోసారి ఎడ్లబండి మీద వచ్చేవారంట. బల్లకు ఎవరెవరు సిద్ధపడ్డారో ఉపదేశి పేర్లు రాసి ఇవ్వాలి. వాళ్లను ముందు కూర్చోబెడితే దొరగారికి తెలిసేది. మా నాయన చెప్పేవాడు. అది సిద్ధపడినోళ్ల వరుస అయ్యగారూ, మా ఇంటి వరుస కాదు. మేమే దాన్ని మా ఇంటిది చేసుకున్నాం."

కొంచెము సేపు ఊరకుండి మరల అన్నది. "ఈ మాట నేను చెబితే మావాళ్లు వింటారు. మీరు చెబితే లేవగొట్టినట్టుంటది."

ప్రియులారా, ఆ రాత్రి నాకు 2 రాజులు 18వ అధ్యాయము జ్ఞాపకము వచ్చినది. హిజ్కియా విరుగగొట్టిన ఇత్తడి సర్పమును చేసినదెవరు? మోషే. చేయుమన్నదెవరు? దేవుడే. అరణ్యములో పాము కరచినవారు దానిని చూచి బ్రదికిరి. ఒకనాడు ప్రాణము నిలిపిన ఆ వస్తువుకే తరువాతి తరములవారు ధూపము వేసిరి. మన వాడుకలలో పెక్కింటి కథ ఇదే. అవి చెడ్డవిగా పుట్టలేదు. ఒక అక్కరకు పుట్టినవి. అక్కర తీరిపోయినది, వాడుక నిలిచినది, తరువాత దానిచుట్టు మన గర్వము అల్లుకొన్నది. హిజ్కియానుండి విరుచుట మాత్రము నేర్చుకొని, అది మోషే చేసినదని మరచితిమా, జనులు మన మాట వినరు. వారి తాతలను మనము అవమానించుచున్నామని తలంచెదరు.

నేడు మనము పాతవి అనుకొనుచున్నవాటిలో అనేకము ఒకనాటి కొత్తవే. మన కీర్తనలనే చూడుడి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన రాగములలో, మన తాళములలో క్రీస్తును గూర్చి పాడినప్పుడు అది కొత్త సంగతి. నేడు ఆ కీర్తన లేనిదే మనకు ఆరాధన జరిగినట్లుండదు. దోర్నకల్ దేవాలయము సంగతియు అంతే. గుడి అనగా ఇంగ్లండు గుడివలె ఉండవలెనని అనుకొనుచున్న దినములలో బిషప్ అజరయ్యగారు మన దేశపు మంటప స్తంభములను, గుమ్మటములను కలిపి దానిని కట్టించిరి. 1939లో దాని ప్రతిష్ఠ జరిగినది. నేడు అది మన పూర్వికుల ఆస్తి అని చెప్పుకొందుము. 2013లో ఇ. పుష్పలలితగారు నంద్యాల బిషప్పుగా, సి.ఎస్.ఐ.లో మొట్టమొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకము పొందిరి. మన మనుమలకు అదియు పాత సంగతియే యగును.

ఇక ఓర్పును గూర్చి ఒక మాట. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులు కూడి దక్షిణ దేశపు సంఘములు ఏకము కావలెనని తలంచిరి. వారిలో అజరయ్యగారు ముఖ్యులు. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మదరాసులో నెరవేరినది. ఇరువది యెనిమిదేండ్లు పట్టినది. అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి చేరిరి. తాను నాటినదాని ఫలమును కన్నులార చూడలేదు. ఐక్యమైనప్పుడు పెద్దలు ఒక వాగ్దానము చేసిరి. అలవాటులేని ఆరాధన పద్ధతులను గాని, మనస్సాక్షికి ఒప్పని పరిచర్యను గాని ఏ సంఘముమీదను బలవంతముగా రుద్దకూడదని ఆ వాగ్దానము. అంత పెద్ద మార్పు నిలిచినదనిన, ఆ వాగ్దానమునకు అందులో పాలున్నదని నా నమ్మకము.

అయితే ఓర్పు అను పేరుతో మనము తప్పించుకొనరాదు. రాగము, ఆరాధన గంట, గిన్నె, బెంచీలు, చాపలు - ఇవి పద్ధతులు. వీటికి కాలమిచ్చి కనిపెట్టవచ్చును. సహోదరుని చేయి ముట్టనొల్లకుండుట పద్ధతి కాదు, పాపము. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము మాని వెనుకకు తీసినప్పుడు పౌలు ముఖాముఖిగానే ఎదిరించెను. కాలము అడుగవలసినది నొప్పి పడుచున్నవాడు గాని, నొప్పించుచున్నవాడు కాడు. నా తప్పు పాపమును పాపమనుట కాదు. జనుల ఇండ్లకు పోకుండ, వారితో కూర్చుండకుండ, కాగితముమీద వ్రాసి చదువుటయే నా తప్పు.

తరువాత ఎనిమిది నెలలు రెండు పేటలలోను గృహకూటములు పెట్టితిమి. అపొస్తలుల కార్యములు 10, 11 అధ్యాయములు, కూర్చుండబెట్టుటలో పక్షపాతమును ఖండించు యాకోబు 2వ అధ్యాయము, వీటినే మరల మరల చదివితిమి. ఉపదేశిగారి మాటను అవ్వ ఇంటింటను చెప్పినది. ఆ యేటి కోతపండుగ ఆదివారమున సమాధానము ఆరవ బెంచీవరకు వచ్చినప్పుడు ఆమె మొదటి బెంచీనుండి లేచి, కర్ర పట్టుకొని చాపలయొద్దకు నడిచి, అక్కడున్న ఒక తల్లి చేతిని తన రెండు చేతులతో పట్టుకొన్నది. ఆమె వెనుక మరి నలుగురు లేచిరి. అందరూ లేచిరని చెప్పను. రెండు కుటుంబములవారు నేనున్నంతకాలము ఆ గుడికి మరల రాలేదు. ఆ బాధ నాకింకను ఉన్నది. అయితే ఆ దినమునుండి ఆరవ బెంచీ సరిహద్దుగా ఉండలేదు. మరుసటి యేడు అవ్వ ప్రభువునందు నిద్రించినప్పుడు ఆమె పెట్టెను రెండు పేటల పిల్లలు మోసిరి.

కాబట్టి పెద్దలారా, మీ సంఘములకు తిరిగి పోయిన తరువాత ఈ నాలుగు పనులు చేయుడని వేడుకొనుచున్నాను.

మొదటిది, ఏ వాడుకనైనను మార్చకముందు అది ఎందుకు పుట్టినదో వృద్ధులను అడుగుడి. వారు పోయిన తరువాత చెప్పువారుండరు.

రెండవది, అక్కరను ఉంచుకొని రూపమును మార్చుడి. మన తల్లులు ఎసట్లో పోయకముందు గుప్పెడు బియ్యము ప్రభువుకని తీసి పెట్టిరి. పట్టణములోనున్న కోడలు బియ్యము తేలేకపోవచ్చును. తనకు తినకముందు ప్రభువుకు తీయుట మాత్రము ఆమెకు నేర్పవలెను.

మూడవది, మార్పువలన స్థానము పోవువారి ఇంటికి ముందుగా పొండి. మార్పు మాటను వీలైనంతవరకు వారి నోటనే చెప్పించుడి.

నాలుగవది, వచ్చే ఆదివారము సమాధానము ఇచ్చు సమయమున తలయెత్తి చూడుడి. అది మీ గుడిలో ఎక్కడ ఆగుచున్నది? అక్కడనుండి మీ పని మొదలుపెట్టుడి.

రెండవ నూరేండ్లలోనికి మనలను నడిపించు ప్రభువు, విడువవలసినదానిని విడుచుటకు ధైర్యమును, పట్టుకొనవలసినదానిని పట్టుకొనుటకు బలమును మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.