ఢిల్లీ నుండి హైదరాబాదునకు ఎంత దూరము?



హైదరాబాదు ఎంత దూరమని మనవారి నడిగినచో కిలోమీటర్లు చెప్పరు. "రెండు గంటలు" అందురు. ఆ రెండు గంటలలో ఏమి యిమిడినది, ఏమి యిమడలేదు అనునది నేడు కొంచెము విచారింతము.

దూరము కనుగొనుటకు గొప్ప గణితము అక్కరలేదు. పటము చూచిన యెడల ఈ రెండు నగరములును ఇంచుమించు ఒకే రేఖాంశముపై నున్నవి: ఒకటి 77, మరియొకటి 78 డిగ్రీల చేరువను. కావున అక్షాంశముల వ్యత్యాసమే చాలును. అది పదకొండు డిగ్రీలకు కొంచెము పైన. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున గుణించిన 1,250 కిలోమీటర్ల సమీపమున తేలును. చిన్ననాటి భూగోళశాస్త్ర మీ పాటి ఉపయోగపడుట సంతోషమే గదా!

రైలుదారి యన్ననో సుమారు 1,670 కిలోమీటర్లు. ఝాన్సీ, భోపాలు, నాగపురము, కాజీపేటల మీదుగా వంకరలు తిరిగి పోవును. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్సుగా బయలుదేరి, 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఎక్స్‌ప్రెస్సైన మన బండికి సుమారు ఇరువదియారు గంటలు పట్టును.

విమానమునకు కాలపట్టికలో రెండుంబావు గంటలని యుండును. గాలిలో నుండున దంతకు తక్కువ. నిలిచిన చోటు కదలినది మొదలు మరల ఆగువరకు లెక్కింతురు. ఢిల్లీ నుండి కలకత్తాకు పోవువారికి శీతకాలమున పడమటిగాలి వెనుకనుండి తోడ్పడి, తిరుగు ప్రయాణమున ఎదురగును. మన మార్గము ఉత్తర దక్షిణముగా నుండుటచే ఆ గాలి ప్రక్కనుండి వీచును. పోకరాకలకు భేదము స్వల్పము.

ఇక యింటినుండి యింటికి లెక్కింతము. రామకృష్ణపురములో ఆటో యెక్కినది మొదలు విమానాశ్రయము చేరి, తనిఖీలు ముగించి, వేచియుండుటకే మూడు గంటలు. 2008 వరకు బేగంపేటలో దిగిన విమానము ఇప్పుడు నగరమునకు దక్షిణమున శంషాబాదులో దిగును. హైదరాబాదు వారికి మొత్తము ఆరేడు గంటలు. నా మిత్రుని స్వస్థలము హనుమకొండ. ఉత్తర తెలంగాణమును దాటి శంషాబాదులో దిగి, మరల నూటయేబది కిలోమీటర్లకు పైగా వెనుకకు పోవలెను. రైలైనచో ప్రక్కనున్న కాజీపేటలోనే దింపును. తల్లికి జబ్బని కబురు వచ్చిన నాడు అతడు విమానములోనే పోయెను. గడప తొక్కుసరికి తొమ్మిది గంటలు దాటెను. అయినను రైలులో నింకను భోపాలు పరిసరములలో నుండవలసినవాడే; అతడు చేసినది సరియైన పని.

చిక్కు మరియొకచోట నున్నది. ఊరిలోని తల్లిదండ్రులు కూడ "రెండు గంటల దారియే గదా, పండుగకు రారాదా?" అని ఫోనులో నడుగుచున్నారు. రెండు దినముల ప్రయాణమైన కాలమున వారే "శ్రమపడకు నాయనా" అనెడివారు. వారి రెండు గంటలలో మన సెలవు మంజూరు కాలేదు. పండుగనాటి నాలుగు టిక్కెట్ల వెల లేదు. మనము "రెండు గంటలే" యని వారికి ధైర్యము చెప్పితిమి. వారు దానినే నమ్మినారు. ఉదయము కబురు చేసినచో రాత్రికి వత్తుమని చెప్పియున్న బాగుండెడిది. డిసెంబరు, జనవరి మాసములలో ఢిల్లీని పొగమంచు క్రమ్మి విమానములు గంటల తరబడి నిలిచిపోవును. ఆ దినములలో మాత్రము మరునాటి మాట చెప్పుట మేలు.