ఎక్కించిన విద్యుత్తు ఎంత తిరిగి వచ్చును?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

మన గ్రామముల వీధులలో నేడు సౌర విద్యుద్దీపములు వెలుగుచున్నవి. వానిలో కొన్ని సంధ్యవేళ చక్కగా వెలిగి, అర్ధరాత్రి కాకమునుపే ఆరిపోవుచున్నవి. దీపము చెడినదని కొందరు, బ్యాటరీ నాసిరకమని కొందరు అందురు. ఒక్కొక్కప్పుడు దోషము ఆ రెంటిలోను ఉండదు. కొనునాడు వేసిన లెక్కలో ఉండును.

చెరువు తూము వద్ద విడిచిన నీరంతయు చివరి మడికి చేరదని మీకు చెప్పనక్కరలేదు. బ్యాటరీ సంగతియు అట్టిదే. ఎక్కించిన విద్యుత్తులో ఎంత భాగము తిరిగి మన వాడుకకు వచ్చునో, అదియే దాని చార్జింగు సామర్థ్యము.

సీసపు పలకలు, గంధకామ్లము గల బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేటికిని అది విరివిగా వాడుకలో నున్నది. దానినుండి 100 ఆంపియర్ గంటలు వాడుకొన్నచో, తిరిగి నింపుటకు సుమారు 110 నుండి 120 వరకు ఎక్కించవలెను. అదియుగాక, 12 వోల్టుల బ్యాటరీని నింపుటకు సుమారు 14 వోల్టులు కావలెను. ఈ రెండు నష్టములను కలిపి చూచినచో, రూపాయి పెట్టిన చోట ముప్పావలా తిరిగి వచ్చుననుకొనవచ్చును.

ఈ నష్టము మొదటినుండి ఒకే తీరుగా జరుగదు. కడవ నింపునపుడు మొదట ధారగా పోసినను నీరు ఒలుకదు; అంచు చేరువైనకొలది ఒలుకును. బ్యాటరీయు సుమారు 80 శాతము నిండువరకు ఇచ్చినదానిని దాదాపు అంతయు గ్రహించును. ఆపై కొంత విద్యుత్తు లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టుటకే వ్యయమగును. నీరు పోయు రకపు బ్యాటరీలకు అప్పుడప్పుడు డిస్టిల్డు వాటరు పోయవలసి వచ్చుట ఇందువలననే. హైడ్రోజన్ మండు వాయువు. కావున బ్యాటరీ చెంత నిప్పు కూడదు.

నష్టము కలదని చివరి భాగమును నింపక విడువరాదు. దినదినము సగము నిండిన బ్యాటరీలో సీసపు పలకలపై తెల్లని లవణము గట్టిపడి, దాని ఆయువు తరుగును.

ఇక లెక్క చూడుడు. 12 వాట్ల దీపము 10 గంటలు వెలుగుటకు 120 వాట్ గంటలు చాలును. కాని సౌర ఫలకము దినమునకు 160 వాట్ గంటలు ఈయవలెను. 120 చాలునని కొన్నచో, ప్రతిదినము 40 అప్పు మిగులును. ఆ అప్పు తీరక బ్యాటరీయే కాలముగాక ముందు చెడును. మబ్బు దినములకు వేరుగా మరికొంత చేర్చుకొనవలెను.

లిథియం బ్యాటరీలలో ఈ నష్టము మిక్కిలి స్వల్పము. ఎక్కించిన 100 ఆంపియర్ గంటలలో సుమారు 99 తిరిగి వచ్చును. అయితే వానికి తగిన చార్జింగు పరికరమే అమర్చవలెను.

కావున కొనుటకు ముందు బ్యాటరీ ఏ రకమో, ఫలకము దినమునకు ఎంత ఇచ్చునో అడిగి, ఈ లెక్క వేయుడు. కొన్న పిదప ఫలకముపై దుమ్ము తుడిపించుడు. నీడ పడు కొమ్మలను కొట్టించుడు. వెచ్చించునది గ్రామస్థుల సొమ్ము. దీపము తెల్లవారువరకు వెలిగిననాడే అది సద్వినియోగమైనట్లు.