జాతిని చెప్పే మాట

'ఆవు' అనే ఒక్క మాట ఎర్రావుకూ, కర్రావుకూ, ఎవరూ చూడని ఆవుకూ ఎలా చెల్లుతుందన్న ప్రశ్న భారతీయ శాస్త్రాలలో చాలా పాతది. పాణిని సూత్రాలను చర్చించిన పతంజలి మహాభాష్యంలో దీనిపై రెండు పక్షాలు కనిపిస్తాయి. పదానికి ఆకృతి, అంటే ఆ తెగకంతటికీ ఉమ్మడిగా ఉన్న రూపం, అర్థమని వాజప్యాయనుడు భావించగా, ద్రవ్యం, అంటే కళ్లెదుటి విడి వస్తువే, అర్థమని వ్యాడి వాదించాడు. ఆవును కట్టివేయమన్నప్పుడు పలుపు పడేది ఒక ఆవు మెడకే గాని జాతి మెడకు కాదు గనుక వ్యాడి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. అయితే ఆవును కొట్టరాదన్న నిషేధం ఒక్క ఆవుతో ఆగదు. వ్యక్తి, అంటే విడి వస్తువు, ఆకృతి, జాతి మూడూ పదానికి అర్థమేనని తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు సర్దుబాటు చేశాయి. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు మాత్రం, జాతి అనేది వేరుగా లేదని, ఆవు కానివాటిని తోసివేయడం ద్వారానే ఆ మాట అర్థమిస్తుందని చెప్పి, ఈ తోసివేతను అపోహ అన్నాడు. నేటి వాడుకలో ఆ మాటకున్న 'పొరపాటు తలంపు' అనే అర్థం ఇక్కడ పనికిరాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం జాతిని సామాన్యమని పిలిచి, అది నిత్యమై, ఒక్కటే అయి, అనేక వస్తువులలో ఉంటుందని నిర్వచించింది. 'వంటవాడు' వంటి మాటల వెనుక ఉన్నది మాత్రం అటువంటి జాతి కాదని, చేసే పని వల్ల అంటుకున్న ఉపాధి, అంటే పైనుంచి వచ్చి చేరిన లక్షణం, మాత్రమేనని నైయాయికులు, అంటే న్యాయశాస్త్రకారులు, వేరుచేశారు.