బడి వంటశాల వెలుపలి గోడకు ఏ పూత మేలు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయము చూచుటకు చిన్నది. బడి ఆవరణలో, తరగతి గదులకు ఎడముగా ఇటుకలతో కట్టిన వంటశాలకు వెలుపలి గోడను ఏ విధముగా ముగింపవలెను? గిలాబు చేయవలెనా, సున్నము వేసిన చాలునా, రాతిపలకలు తాపవలెనా? ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన భోజనమునే పెట్టవలెనని 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత వంటశాల బడిలో ఒక ముఖ్యాంగమైనది. దాని గోడ చెడినచో ఆ నష్టము ఊరందరిదియు.

మొదట మా తప్పు మేమే చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున వంటశాల ప్రారంభోత్సవమునకు ఛాయాచిత్రములు తీయుటకు వెళ్లితిమి. ఇటుక గోడ చిత్రములో అందముగా కానరాదని, పండుగనాటికి తెల్లగా ఉండవలెనని తొందరపెట్టిన వారిలో మేమును ఉంటిమి. మేస్త్రి వలదనెను. అయినను నడి వేసవిలో రెండు దినములలో సిమెంటు పూత ముగిసినది; దానిని తడిపిన వారు లేరు. చిత్రము చక్కగా వచ్చినది. రెండు వర్షాకాలములు గడచునప్పటికి పూత పెచ్చులు పెచ్చులుగా రాలినది. పిల్లలు పళ్లెములు పట్టుకొని నిలుచు చోటనే ఒక పెద్ద పెచ్చు పడినది. దైవవశమున ఆ వేళ అక్కడ ఎవరును లేరు. ఆనాటి నుండి గోడను చూచినపుడు దాని అందము కంటె ముందు దాని ఆరోగ్యమునే విచారించుచున్నాము.

గోడకు మొదటి శత్రువు నీరు. చూరు గోడకు చాలినంత ముందుకు వచ్చియున్నదా? పాత్రలు కడిగిన నీరు గోడ మొదట నిలువక కాలువలోనికి పోవుచున్నదా? ఈ రెండును సరిగా లేనిచో ఎంత ఖరీదైన పూతయు నిలువదు. నేలలోని చెమ్మ గోడలోనికి ప్రాకి, ఉప్పు తెల్లగా పైకి పొంగి, పూతను లోపలి నుండి నెట్టివేయును.

రెండవది ఇటుక పరీక్ష. బాగుగా ఎండిన అయిదు ఇటుకలను తూచి, 24 గంటలు నీటిలో ఉంచి, తుడిచి మరల తూచుడు. పెరిగిన బరువు అయిదవ వంతునకు మించరాదు. అనగా మూడు కిలోల ఇటుక 600 గ్రాముల కంటె ఎక్కువ నీరు పీల్చరాదు. రెండు ఇటుకలను తట్టినచో ఖంగుమని మ్రోగవలెను.

ఇటుక ఈ పరీక్షలో నెగ్గినచో గిలాబు తప్పనిసరి కాదు. ఇటుకల నడిమి సందులను అర అంగుళము లోతున గీకి, దుమ్ము కడిగి, ఒక పాలు సిమెంటునకు మూడు పాళ్లు ఇసుక కలిపి నింపినచో చాలును. కేరళలో పెక్కు గృహములు నిర్మించిన లారీ బేకర్ గారు (1917–2007) పూత లేని ఇటుక గోడలనే ఇష్టపడిరి. ఈ విధమున రాలిపోవుటకు పెచ్చే ఉండదు.

ఇటుక మెత్తనిదైనచో గిలాబు అవసరము. ఒకటికి ఆరు పాళ్ల ఇసుకతో, సుమారు 12 మిల్లీమీటర్ల మందమున పూయించుడు. సముద్రపు ఇసుక వాడరాదు. పూతకు ముందు గోడను తడుపవలెను; కలిపిన సిమెంటును అరగంటలో వాడవలెను; పూసిన పిదప ఏడు దినములు తక్కువ కాకుండ నీరు చల్లవలెను.

పై వన్నెకు సున్నమే మాకు ఇష్టము. సున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి మరల రాయియగును, చెమ్మను లోపల బంధింపదు, బూజును అడ్డగించును, తెలుపు గనుక ఎండను త్రిప్పికొట్టును. ఎండకాలమున పొయ్యిల నడుమ నిలుచు వంటవారికి ఆ కొంచెము చల్లదనము చిన్న మేలు కాదు. కొట్టిన సున్నమును రాత్రంతయు నాననిచ్చి, వడగట్టి, బంక కలిపి పలుచగా మూడు పర్యాయములు వేయవలెను. సున్నము కొట్టునపుడు అది సలసల కాగును. పిల్లలను దగ్గరకు రానీయరాదు, కండ్లను కాపాడుకొనవలెను. నూనె రంగు వేసినచో నునుపుగా మెరయును గాని, లోని చెమ్మ వెలికి రాక బొబ్బలెక్కును.

నీళ్ల చిందులు పడు గోడ అడుగు భాగమున రెండడుగుల ఎత్తు నాపరాయి తాపినచో మేలు. తాండూరు, బేతంచెర్ల రాళ్లు మనకు దగ్గరివే. అయితే నాపరాయి సున్నపురాతి జాతిది. చింతపండు పులుసు, నిమ్మరసము పడినచో వెంటనే కడుగవలెను, లేనిచో మచ్చపడి గరుకెక్కును.

కడపట ఒక మాట. తీర్మానము వ్రాయునపుడు పూత ఖర్చు మాత్రమే వ్రాసి ఊరకుండవలదు. ఏడు దినములు నీరు చల్లు వారి కూలి, ప్రతి వేసవిలో సున్నము ఖర్చు, గోడను పరీక్షించు సభ్యుని పేరు గూడ చేర్చుడు. నిర్ణయించుటకు ముందు మేస్త్రిని, వంట చేయు అమ్మలను పిలిచి అడుగుడు. గోడ ఎచట తడియుచున్నదో, ఎచట పొగ పట్టుచున్నదో వారికి తెలిసినంత మనకు తెలియదు. ప్రారంభోత్సవ దినమున గోడ ఎర్రగా ఇటుకలతో ఉన్నను సిగ్గుపడవలదు. ఆ గోడనే చిత్రము తీయుటకు మేము సంతోషముతో వచ్చెదము.