సరే యన్న మాటకు హద్దు
(నర్సీపట్నము యువజనుల కూడికలో చేసిన ప్రసంగము)



ఉత్తరముల కాలములో అంటించిన కవరును దానిమీద పేరున్నవారే విప్పవలెనను మర్యాద యుండెను. ప్రతి ఇంట అది సాగకపోయినను, ఇతరుల ఉత్తరము చదువుట తప్పని అందరికిని తెలియును. నేడు మన బిడ్డల చేతిలోని ఫోనుకు కవరు లేదు. ఒకరి మాటయైనను ఫోటోయైనను క్షణములో వందమందికి చేరును. చదువు నిమిత్తము విశాఖపట్నము వెళ్లు మన కుమారులు, కుమార్తెలు తమ స్నేహములను ఎక్కువగా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనే నడుపుకొనుచున్నారు. గనుక అనుమతి యనగా నేమో వారితో కూర్చుండి మాటలాడుట మన విధి.

యువజనులతో మాటలాడునప్పుడు మూడు తలంపులు మాకు తరచుగా వినబడుచున్నవి.

మొదటిది, "ఆమె కాదనలేదు గదా" అనునది. రెండు నీలి టిక్కులు పడినయెడల ఆమె చదివినదని మాత్రమే అర్థము, ఒప్పుకొన్నదని కాదు. ఇష్టము లేదని స్పష్టముగా తెలిపిన పిమ్మటను ఒక స్త్రీకి మరల మరల సందేశములు పంపుట భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరము.

రెండవది, "ఆమెయే పంపినది గదా" అనునది. ఒకరిని నమ్మి ఇచ్చినది ఆ ఒకరికే. 2013లో మన శిక్షాస్మృతిలో చేర్చబడి, 2024 జూలై 1 నుండి న్యాయ సంహిత 77వ సెక్షనుగా నున్న చట్టము ఈ మాటనే చెప్పుచున్నది. స్త్రీ తన ఏకాంత చిత్రమును తీయుటకు ఒప్పుకొన్నను, ఇతరులకు పంచుటకు ఒప్పుకొననియెడల, పంచినవాడు నేరస్థుడే. మొదటి నేరమునకే ఒక సంవత్సరమునకు తగ్గని జైలుశిక్ష యున్నది. 18 ఏండ్లు నిండని బిడ్డల అశ్లీల చిత్రముల విషయములో వారి సమ్మతిని చట్టము లెక్కపెట్టదు.

మూడవది, "ప్రేమ యున్న పాస్‌వర్డు ఇయ్యవలెను" అనునది. విసిగించి, అలిగి, బెదిరించి రాబట్టిన సరే సమ్మతి కాదు. నిన్న సరే యన్నవారు నేడు వద్దనవచ్చును. 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత మౌలిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ప్రేమించినంతమాత్రమున ఆ హక్కు పోదు.

ఇది మనకు క్రొత్త బోధ కాదు. ఆదికాండము 24వ అధ్యాయములో పెద్దలు ఒప్పుకొనిరి, కానుకలు ఇయ్యబడెను. అయినను ప్రయాణమునకు ముందు రిబ్కాను పిలిచి, వెళ్లుదువా యని అడిగిరి. నేటికిని పందిరి వేసి, బంధువులందరు కూడియుండగా, వధూవరులిద్దరిని వేరువేరుగా అడిగి, వారి నోట సమాధానము వినిన తరువాతనే వివాహము జరిపించుచున్నాము.

సంఘములోను ఇదే నియమము. సహోదరి రోగమునుగూర్చి ప్రార్థన కొరకని గ్రూపులో పెట్టకమునుపు ఆమెను అడుగవలెను. పాదిరితో చెప్పుకొన్నది పాదిరితోనే నిలువవలెను. యువజనుల పట్టికలోని ఆడపిల్ల నంబరును అడిగినవారికెల్ల ఇయ్యరాదు.

తల్లిదండ్రులారా, ఒక మాట. బిడ్డ ఏడ్చుచు వచ్చి, ఫలానావాడు ఫోటో చూపి బెదిరించుచున్నాడని చెప్పినప్పుడు, "ఎందుకు పంపితివి?" అని మొదట అడుగకుడి. ఫోను లాగుకొని చదువు మాన్పించినయెడల, తరువాత ఏమి జరిగినను ఆమె మనతో చెప్పదు. ఇంట తెలియునన్న ఆమె భయమే బెదిరించువానికి పెట్టుబడి. ఆమె ఇంట ధైర్యముగా చెప్పుకొనగలిగినయెడల, వాని చేతిలో మిగులునది తక్కువ.

అట్టివానికి డబ్బు ఇయ్యకుడి. సందేశములను చెరిపివేయక భద్రపరచుడి. పోలీసు స్టేషనులో గాని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయుడి. స్త్రీలకు, పిల్లలకు సంబంధించిన ఇట్టి నేరములను ఆ పోర్టల్‌లో పేరు చెప్పకయే తెలుపవచ్చును.

యౌవన బిడ్డలారా, మీయొద్దకు వచ్చిన ఇతరుల ఫోటో మీతోనే ఆగిపోవలెను. అడుగకుండ ఎవరిదియు పంపకుడి. వద్దన్న మాటను ఒక్కసారి వినగానే గౌరవించుడి. మన ఇండ్లలో ఆడపిల్ల వద్దనుటకు, మగపిల్లవాడు సరేనని వెనుకకు తగ్గుటకు నేర్చుకొనునట్లు మనమందరము ప్రయాసపడుదము.